బిడ్డ తలలో నీరు, బ్రిటన్ లెక్కలు

వేల్స్‌లోని కార్డిఫ్‌లో కాన్పయిన తెలుగువాళ్ళింటికి పురిటి రోజులు వెళ్ళీ వెళ్ళకముందే హెల్త్ విజిటర్ వస్తుంది. బిడ్డను తూచి, తల చుట్టూ టేపు వేసి కొలిచి, ఎర్ర అట్ట పుస్తకంలోని గీతల దగ్గర ఒక చుక్క పెడుతుంది. సాయానికని నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మమ్మకు ఇదంతా వింత. నూనె రాసి తల గుండ్రంగా ఒత్తడం ఆవిడకు తెలుసు గానీ, కొలిస్తే దిష్టి తగులుతుందని భయం. "ఆవిడకేమైనా ఇవ్వాలటే?" అని కూతుర్ని అడుగుతుంది. ఏమీ అక్కర్లేదంటే నమ్మదు.

తల ఉండాల్సినదానికన్నా వేగంగా పెరుగుతుంటే మెదడులో నీరు చేరుతోందేమోనని చూస్తారు. హైడ్రోకెఫలస్ అనే ఇది పిల్లల న్యూరోసర్జన్లకు నిత్యం ఎదురయ్యే జబ్బు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, చర్మం కిందుగా సన్నని గొట్టాన్ని పొట్టలోకి దించుతారు. దాన్నే షంట్ అంటారు. నీరు ఎంత దిగాలో ఒక వాల్వు చూసుకుంటుంది. గొట్టం పూడుకుపోయినా, చీము పట్టినా బిడ్డ మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే.

ఈ ఖర్చంతా భరించే బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, 1948 జులై 5న మొదలైంది. దాన్ని నిలబెట్టిన మంత్రి అన్యూరిన్ బెవన్ ఈ వేల్స్ వాడే, బొగ్గుగని కార్మికుడి కొడుకు. ఆయన ఊరు ట్రెడీగర్‌లో కార్మికులు కూలిలో కొంత తీసి ఉమ్మడి వైద్యనిధికి వేసేవాళ్ళు.

కార్డిఫ్‌లోనే పుట్టిన పిల్లల రచయిత రోల్డ్ డాల్‌కూ ఈ కథలో పాత్ర ఉంది. 1960 డిసెంబరులో న్యూయార్క్‌లో ఆయన నాలుగు నెలల కొడుకు థియో ఉన్న తోపుడుబండిని టాక్సీ గుద్దింది. తలలో నీరు చేరింది. పెట్టిన వాల్వు పదేపదే పూడుకుపోయేది. బొమ్మ విమానాల ఇంజన్లకు బుల్లి పంపులు చేసే స్టాన్లీ వేడ్‌ను, లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి సర్జన్ కెనెత్ టిల్‌ను డాల్ ఒకచోట కూర్చోబెట్టాడు. 1962కల్లా కొత్త వాల్వు సిద్ధమైంది. అప్పటికి థియోకు దాని అవసరం తీరిపోయింది. ముగ్గురూ లాభం వద్దనుకోవడంతో ధర పాతవాటిలో మూడో వంతుకన్నా తక్కువ పడింది. వేలమంది పిల్లలకు అది ప్రాణం పోసింది.

అయితే ఆసుపత్రిని ముంచేది వాల్వు ధర కాదు, చీము. గొట్టం తీసేయాలి, రోజుల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి, మళ్ళీ కొత్తది వేయాలి. బ్రిటన్, ఐర్లండ్‌లలో 1,605 మందిపై చేసిన బేసిక్స్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు షంట్‌లలో 6 శాతం మందికి ఇన్ఫెక్షన్ వస్తే, యాంటీబయాటిక్ పట్టించిన షంట్‌లలో 2 శాతం మందికే వచ్చింది. ఇన్ఫెక్షన్ తప్పిన ఒక్కో కేసుకు ఎన్‌హెచ్‌ఎస్‌కు 1,35,000 పౌండ్లకు పైగా మిగులుతుందని లెక్క తేలింది. అన్ని ఆపరేషన్ల డబ్బూ ఒకే ఖజానా నుంచి పోతోంది కాబట్టే ఆ లెక్క కట్టగలిగారు. ఆ ఖజానాకు వలస వచ్చినవాళ్ళూ కడుతున్నారు. వీసా మీదున్న పెద్దవాళ్ళలో చాలామందికి ఏడాదికి 1,035 పౌండ్ల సర్‌చార్జి, పన్నులు వేరే. కొత్తగా వచ్చిన కుటుంబానికి అది నిజంగా బరువే.

మన దేశమూ ఇందులో తక్కువ తినలేదు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను ఉగాండాలో 650 డాలర్ల అమెరికా షంట్‌తో పోల్చి చూశారు. 35 డాలర్లకే దొరికే ఛాబ్రా షంట్ ఫలితాల్లో ఏమీ తీసిపోలేదని 2005లో తేల్చారు. చవక గొట్టం మన చేతిలో ఉంది. ఇక కావాల్సింది రెండో ఆపరేషన్ లెక్క. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ వైద్య పథకాన్ని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుపుతున్నవాళ్ళు, షంట్ వేసిన పిల్లల్లో ఎంతమంది ఏడాదిలోపు తిరిగొచ్చారో, ఎందుకొచ్చారో ఏటా ప్రజల ముందు పెట్టాలి.