రాణి మరణమును చెప్పిన భృత్యుని శిల

ఓరుగల్లు కోటలో నేటికిని నిలిచియున్న నాలుగు కీర్తితోరణములను చూచి, మట్టికోటను రాతికోటను దాటి, స్వయంభూదేవుని ఆలయశిథిలముల నడుమ నడచిన యాత్రికునకు, కాకతీయుల చరిత్రమంతయు ఆ రాజులే శిలలపై చెక్కించి మనకు అప్పగించి పోయిరను భావము కలుగుట సహజము. కాని ఇంతటి నగరమును ఏలిన రుద్రమదేవి ఏనాడు కన్నుమూసెనో ఆ కోటలోని శిలలు చెప్పలేదు. ఆమె కీర్తిని ఖండాంతరములకు మోసికొనిపోయిన విదేశయాత్రికుడును చెప్పలేదు. సుమారు ఏడువందల యేండ్ల తరువాత ఆ సంగతిని మనకు తెలిపినది, నల్లగొండ జిల్లాలోని చందుపట్ల యను పల్లెలో, ఒక సేనానాయకుని కొలువునందున్న పువ్వుల ముమ్మడి యను భృత్యుడు నిలిపించిన దానశాసనము.

చరిత్రలో ఆశ్చర్యము గొలుపు కథలనగా కోహినూరు వంటి వజ్రముల కథలే యని మనలో ననేకులు తలంతురు. అంతకంటె గొప్ప ఆశ్చర్యము మఱొకటి కలదు. లోకమంతయు నమ్మిన మాట తప్పగుటయు, ఎవరును పట్టించుకొనని పల్లెటూరి రాయి ఆ తప్పును దిద్దుటయు నట్టిది. ఓరుగంటి చరిత్రలో ఇది పలుమాఱులు జరిగినది. మాట పుట్టిన క్షణముననే దేశము నలుమూలలకు ప్రాకుచున్న ఈ కాలమున ఆ కథలను మరల తలచుకొనుట అవసరము.

వెనిస్ నగరవాసియగు మార్కో పోలో చైనాదేశమునుండి సముద్రమార్గమున స్వదేశమునకు మరలుచు, 13వ శతాబ్దపు చివరి దశకమున దక్షిణభారత తీరములమీదుగా సాగిపోయెను. పిమ్మట 1298లో జెనోవా చెఱసాలలో బందీగా నుండి, తోటి బందీయగు రుస్తిచెల్లో యను రచయితచేత తన యాత్రావృత్తాంతమును వ్రాయించెను. అందు ముత్‌ఫిలి యను రాజ్యమొకటి వర్ణితమైనది. అది మన తూర్పుతీరపు మోటుపల్లి రేవు. విదేశీయులు రేవు పేరునే రాజ్యమునకు పెట్టిరి. వానలకు కొండలనుండి కొట్టుకొనివచ్చు వజ్రములను గూర్చియు, పాములకు నెలవులగు లోయలలోనికి మాంసఖండములు విసరి, వానికి అంటుకొనిన రత్నములను గ్రద్దలు పైకి తెచ్చునట్లు చేయు ఉపాయమును గూర్చియు, సాలెపట్టువలె పలుచనైన వస్త్రములను గూర్చియు ఆయన చెప్పెను. ఆ దేశమును ఏలిన రాణి న్యాయమును శాంతిని ప్రేమించునదనియు కొనియాడెను. పరదేశి ఇట్లు పొగడుట తెలుగువారికి గర్వకారణమే. కాని ఆ పొగడ్తతోపాటు ఒక పొరపాటునుగూడ ఆయన లోకమునకు అందించెను. ఆమె మృతుడైన రాజునకు భార్య యనియు, భర్త గతించిన పిమ్మట నలువది యేండ్లు రాజ్యమేలెననియు వ్రాయించెను.

ఆ రేవును గూర్చి యొక్కమాట ఇచ్చటనే చెప్పవలెను. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లిలో ఒక అభయశాసనము వ్రాయించెను. తుపానుపాలై తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలిమిచే లాగుకొనుచుండిరనియు, ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చు వర్తకులపై దయగలిగి తాను నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గ్రహింపననియు ఆ శాసనమున రాజు మాట యిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. ఇట్టి అభయము దొరకిన రేవునకు నావికులు వచ్చిరి. నావికులతో వార్తలు పోయినవి. వార్తలతో వదంతులును పోయినవి. మార్కో పోలో చెవినబడినది ఈ నావికుల నోటిమాటయే కావచ్చును.

ఆయన గ్రంథము ఐరోపాభాషలనేకముల లోనికి వెళ్లినది. తప్పును దానితోపాటే వెళ్లినది. కొందరు పూర్వపరిశోధకులు రుద్రమను గణపతిదేవుని పత్నిగానే భావించిరి. ఆ భ్రమను తొలగించినది కృష్ణాతీరమున, నేటి అమరావతి ప్రాంతమునందలి మల్కాపుర శాసనము. 1261 నాటి ఆ శాసనము రుద్రమదేవి గణపతిదేవుని పుత్రికయని స్పష్టముగా పలుకుచున్నది. అంతటితో ఆగలేదు. గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు ఆమె సమర్పించిన మందడ గ్రామపు ఆదాయముతో అచ్చట మఠమును, విద్యార్థులకు వసతిని, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నడపవలెననియు, బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెననియు ఏర్పాటు చేయబడెను. ఏడున్నర శతాబ్దములకు పూర్వము తెలుగునేలపై కాన్పులకొఱకు ప్రత్యేకమైన శాల యొకటి యుండెనని మనకు ఏ యాత్రికుడు చెప్పెను? ఆ శిలయే చెప్పెను.

ఇక చందుపట్ల కథ. ఇరువదవ శతాబ్దమున చాలకాలమువఱకు మన పాఠ్యపుస్తకములలో రుద్రమదేవి పాలన 1295 వఱకు సాగినట్లు వ్రాయబడుచుండెను. ఆమె మనుమడు ప్రతాపరుద్రుని పట్టాభిషేకకాలమునుబట్టి కట్టిన లెక్క యది. చందుపట్ల శాసనము వెలుగునకు వచ్చిన తరువాత ఆ లెక్క మాఱిపోయినది. శకవర్షము 1211, విరోధినామ సంవత్సరము, అనగా క్రీస్తుశకము 1289 నవంబరు 27 నాడు, మల్లికార్జున నాయకుని భృత్యుడగు పువ్వుల ముమ్మడి, కాకతి రుద్రమదేవికిని తన యేలికయగు ఆ మల్లికార్జున నాయకునకును శివలోకప్రాప్తి కలుగుటకై, ఆ ఊరి సోమనాథదేవునకు భూమి దానము చేసెనని ఆ శిలపై నున్నది. అనగా నాటికే మహారాణియు ఆమె సేనానియు ఇద్దరును లేరు. కాకతీయ శాసనములను పరిశోధించి ప్రామాణికగ్రంథము రచించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి విద్వాంసులు ఈ శాసనమును ఆధారముగా గొని రాణి మరణకాలమును 1289గా నిర్ణయించిరి. ఒక భృత్యుని దానముచేత ఒక సామ్రాజ్యపు కాలక్రమము దిద్దుబాటు పొందినది.

రాణియు సేనానియు ఒకేమాఱు ప్రస్తావింపబడుటనుబట్టి, తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధమున వారిరువురును మరణించియుందురని చరిత్రకారుల అభిప్రాయము. ఆ మఱుసటి సంవత్సరమే, 1290లో, అంబదేవుడు త్రిపురాంతకమున శాసనము వేయించి, ఆంధ్రదేశపు రాజులనందఱను జయించితినని చాటుకొనుట ఈ యూహకు బలమిచ్చుచున్నది. ఈ రెండు శాసనములను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన వారికి ఒక పాఠము లభించును. అంబదేవుడు వ్రాయించినది తన గెలుపును చాటుటకు. దానిని పరీక్షింపక స్వీకరింపరాదు. ముమ్మడి వ్రాయించినది చనిపోయిన తన వారి పుణ్యముకొఱకు. దేవుని యెదుట తేదీని మార్చి చెప్పవలసిన అగత్యము అతనికి లేదు. శిల అయినంతమాత్రమున అన్నియు ఒకేరీతి సాక్ష్యములు కావు. ఎవరు చెప్పిరి, ఎందుకు చెప్పిరి యని అడిగి తెలిసికొనవలెను.

ఇట్టిదే బయ్యారము చెఱువు కథయు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన సంస్కృత శాసనము ఆయన విజయములను గంభీరముగా కీర్తించుచున్నది. కాని కాకతీయవంశమునకు మొదటివారెవరని అడిగినచో, సమాధానముకొఱకు నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమునకు, గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెఱువు కడకు పోవలెను. వెన్నరాజు మొదలుకొని తరతరముల పేర్లను ఆ చెఱువు శాసనము వరుసగా చెప్పుచున్నది. కోటద్వారమున కానరాని వంశావళి చెఱువు నొద్ద దొరకినది. ఆ కాలపువారికి చెఱువు త్రవ్వించుట ఎంతటి శాశ్వతకార్యమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ప్రతాపరుద్రుని అంత్యమును గూర్చియు కథలనేకము ప్రచారములో నున్నవి. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ఆయనను బంధించి ఢిల్లీకి గొనిపోయిరని అందఱును ఎఱుగుదురు. ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము, ఆ రాజు దారిలో నర్మదాతీరమున తనువు చాలించెనని చెప్పుచున్నది. 1423 నాటి రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనము, ఆయన తన యిచ్ఛచేతనే దేవలోకమునకు పోయెనని చెప్పుచున్నది. ఈ రెండును ఒక్కొక్క పండితునకు గ్రామము దానమిచ్చు సందర్భమున వ్రాసినవే. రాజధాని కూలి, కొలువు చెదరి, వ్రాయసగాండ్రు దిక్కులేనివారైన వేళ, గోదావరి మండలమున దాతల రాగిరేకులు ఓరుగంటి రాజు చివరి ప్రయాణమును భద్రపఱచినవి.

ఈ కథలు నేటివారమగు మనకు ఏమి చెప్పుచున్నవి? మార్కో పోలో అబద్ధములాడినవాడు కాడు. విన్నమాటను పరీక్షింపక నమ్మినవాడు. నేడు చేతిలోని ఫోనును తెఱచిన ప్రతివాడును అదే పని చేయుచున్నాడు. రుద్రమను గూర్చియు, కోహినూరును గూర్చియు, రామప్ప గుడిని గూర్చియు రోజునకొక చరిత్ర పుట్టి, సాయంకాలమునకు వేలమందికి చేరుచున్నది. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ గౌరవము పొందిన రామప్ప ఆలయమును ఎవరు కట్టించిరని అచ్చటికి వచ్చిన పదిమందిని అడిగినచో, శిల్పి పేరు చెప్పువారే యెక్కువ. 1213లో దానిని కట్టించినది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని ఆ ప్రాంగణమునందలి శాసనమే చెప్పుచుండగా, దానిముందు నిలిచి చదువువారు అరుదు.

చదువుటకు శాసనము మిగిలియుండవలెను గదా. శాసనపరిశోధకుడు పనిచేయుట చూచినవారికి దాని విలువ తెలియును. ముందుగా మెత్తని కుంచెతో రాతిమీది మట్టిని, నాచును తొలగించును. తడిపిన కాగితమును దానిపై పఱచి, అక్షరముల గుంటలలోనికి దిగువఱకు బ్రష్షుతో మెల్లగా కొట్టును. కాగితము కొంచెము ఆరిన పిదప సిరా అద్దిన మెత్తతో పైపైన తట్టగా, చదునైన భాగమంతయు నల్లబడి, గుంటలలోని అక్షరములు తెల్లగా తేలివచ్చును. ఆ తెల్లని గీతలలోనుండియే ముమ్మడి పేరు మనకు లభించినది. అక్షరముపై సున్నము పేరుకొనినను, నూనెజిడ్డు గట్టినను, గుడి బాగుచేయుటయను పేర యంత్రముతో ఇసుకను చిమ్మి రాయిని తోమినను ఆ గుంటలు పూడిపోవును, లేక అరిగిపోవును. అరిగిన అక్షరమును ఎంతటి విద్వాంసుడును మరల చెక్కజాలడు.

మన యూళ్లలో ఈ నష్టము ప్రతిదినము జరుగుచున్నది. గుడిముందఱి శాసనస్తంభమునకు పండుగ పండుగకు రంగు పూయుదురు. పొలములో నాగలికి తగిలిన చెక్కుడురాయిని గట్టున పారవేయుదురు. రోడ్డు వెడల్పు చేయునప్పుడు, చెఱువుకట్టకు మరమ్మతు చేయునప్పుడు పాతరాళ్లను లారీల కెత్తుదురు. ఇవి దురుద్దేశముతో చేయు పనులు కావు. ఆ రాయి ఏమి చెప్పుచున్నదో తెలియకపోవుటచేత జరుగు పనులు. ఆ తెలివిడిని కలిగించు బాధ్యత ప్రభుత్వపు పురావస్తుశాఖదే యని ఊరకుండుట మనకు తగదు. ఊరిలో ఏ శిలలున్నవో ఆ శాఖకంటె ముందు తెలిసినవారు ఊరివారే.

కావున వరంగల్లు, హనుమకొండ, ములుగు, నల్లగొండ సీమలవారికి నా విన్నపమిది. మీ ఊరి గుడివద్ద, చెఱువుకట్టమీద, పొలిమేరలో అక్షరములు చెక్కిన రాయి కనబడినచో దానిని కదలింపకుడు, సున్నము పూయకుడు, సుద్దతో అక్షరములు దిద్దకుడు. ప్రక్కనుండి వెలుతురు పడువేళ, ఉదయముననో సాయంకాలముననో, ఫొటో తీసి పురావస్తుశాఖకును సమీపమునందలి కళాశాల చరిత్రాధ్యాపకులకును తెలుపుడు. మీ బడిలోని పిల్లలను ఒకదినము దానికడకు గొనిపోయి, అది ఎవరు ఎందుకు వేయించిరో చెప్పించుడు. రుద్రమదేవి మరణవార్త ఒక పల్లెలోని రాతిమీద ఏడువందల యేండ్లు భద్రముగా నుండెను. ఇంకను చదువబడని రాళ్లు మన పల్లెలలో నున్నవి, వానిని కాపాడుట మన పని.