పెచ్చులు

మా హాల్లో కప్పు నుంచి మొదటి పెచ్చు ఊడి నాన్న కుర్చీ పక్కన పడేనాటికి ఆ ఇంటికి ఇరవై ఆరేళ్ళు. మేస్త్రి వచ్చి సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి చూశాడు. "లోపల డొల్ల సార్. చువ్వ తుప్పు పట్టింది. అప్పుడు కవర్ సరిగ్గా ఇవ్వలేదు" అన్నాడు.

కవర్ అంటే చువ్వ కింద ఉండాల్సిన ముప్పావు అంగుళం కాంక్రీటు. కాంక్రీటుకి క్షారగుణం ఉన్నంతకాలం ఇనుము భద్రం. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి లోపలికి దిగి ఆ గుణాన్ని తినేస్తుంది. ఇక చెమ్మ తగిలితే చాలు, తుప్పు మొదలు. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి రాలుతుంది. బలం కోసం లోపల పెట్టిందే కప్పుని పగలగొడుతుందన్నమాట.

ఆ నెలలోనే పాలంపేట వెళ్ళాను. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి. గైడు నీళ్ళలో తేలే ఇటుకల గురించి చెప్తుంటే అందరూ నోళ్ళు తెరిచారు. ఇటుక తేలడం కాదు అసలు సంగతి. శిఖరం బరువు తగ్గించడానికి గుల్ల ఇటుక వాడారు, అందుకు తేలుతుంది, అంతే. నన్ను ఆపింది నేల. మండపంలో నడుస్తుంటే ఒకచోట రాళ్ళు దిగినట్టు, ఇంకోచోట లేచినట్టు కాలికే తెలుస్తుంది. కొన్ని స్తంభాలు ఒరిగాయి. అయినా గుడి నిలబడే ఉంది. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిమీద రాళ్ళు పేర్చారు. నేల కదిలితే ఇసుక సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు ఈ రాళ్ళలో కనిపిస్తోంది.

"మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అనే మాట వింటే నాకు విసుగు. వాళ్ళు కట్టినవీ కూలాయి. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపమే ఒరిగిపోయింది. 2006లో దాన్ని విప్పారు. రాళ్ళకి నంబర్లు వేసి, పునాది మళ్ళీ సిద్ధం చేసి, తిరిగి నిలబెట్టారు. 2024 మార్చిలో గానీ తెరవలేదు. పద్దెనిమిదేళ్ళు! ఆలస్యానికి తిట్టుకోవచ్చు. కానీ ఎనిమిది వందల ఏళ్ళు దాటిన కట్టడాన్ని విప్పి, చాలావరకు ఆ రాళ్ళతోనే మళ్ళీ కట్టగలిగారు. మా స్లాబుని అలా విప్పలేం. అందులో సిమెంటు, కంకర, ఇనుము కలిసి ఒకే ముద్ద. పగలగొట్టడమో, అతుకు వేయడమో, అంతకుమించి దారి లేదు.

మేము అతుకే వేయించాం. మేస్త్రి చువ్వల తుప్పు గీకి, మందు పూసి, కొత్త మాలు కొట్టాడు.

"ఎన్నేళ్ళు ఆగుద్ది?" అడిగాడు నాన్న.

"చెమ్మ రానీకుండా చూస్కోండి సార్" అన్నాడు.

నాన్న కుర్చీ ఇప్పుడు గోడ వారకి జరిగింది. వానాకాలం రాకముందే నేను మేడెక్కి నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూస్తున్నాను.