ఎండ పడిన వాగులు

నాదెండ్ల నల్లరేగడిలో రబ్బరు చెట్టు బతకదు. దానికి ఏడాదిలో ఎక్కువ నెలలు వాన కావాలి, నీరు నిలవని నేల కావాలి. ఇక్కడి పత్తిని గణపవరం మిల్లులకు చేర్చే ట్రాక్టర్లు, చిలకలూరిపేట హైవే మీద పోయే లారీలు మాత్రం ఆ చెట్టు పాల మీదే నడుస్తున్నాయి. ఆ పాల కోసం మలయాలో (నేటి మలేసియాలో) అడవి ఎలా పోయిందో, అక్కడ తెలుగువాళ్లు ఎంత నలిగారో మనం చెప్పుకున్నది చాలా తక్కువ.

1876లో హెన్రీ వికమ్ అమెజాన్ ప్రాంతం నుంచి సుమారు 70,000 రబ్బరు విత్తనాలను లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. మరుసటి ఏడాది 22 మొక్కలు సింగపూర్‌లో దిగాయి. చెట్టు చావకుండా బెరడు గీసి పాలు తీసే పద్ధతిని అక్కడి బొటానికల్ గార్డెన్ అధిపతి హెన్రీ రిడ్లీ కుదిర్చాడు. మోటారు కార్లు పెరిగాయి. 1910లో రబ్బరు ధర ఎన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. రబ్బరు తోటల కోసం మలయాలోని పెరాక్, సెలంగోర్ అడవులు నేలకూలాయి.

ఆ తోటల్లో పనికి కూలీలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లారు. ఎక్కువ మంది తమిళులు. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. తొలినాళ్లలో దారి ఖర్చు కూడా అప్పై మెడకు చుట్టుకునేది. తెల్లవారకముందే చెట్లు గీయాలి, ఆపైన పాలు మోయాలి. వరసల మధ్య గడ్డిపరక కనపడకూడదన్నది దొరల పట్టుదల. అందుకని కలుపు తీయించని రోజు ఉండేది కాదు. వేళ్ల పట్టు పోయిన కొండవాలు మట్టి వానకు కొట్టుకొచ్చి నదులను పూడ్చింది.

అంతకన్నా ఘోరం చలిజ్వరం. 1901 నుంచి క్లాంగ్‌లో పనిచేసిన డాక్టర్ మాల్కం వాట్సన్ పల్లపు నేలల్లో అడవి కొట్టించి, నిలవనీరు తీయించి మలేరియాను తగ్గించాడు. కొండ ఎస్టేట్లలో అదే పని ఎదురు తిరిగింది. అక్కడి దోమ అనాఫిలిస్ మాక్యులేటస్‌కు మురికి గుంట అక్కర్లేదు. ఎండ తగిలే తేటనీటి వాగు చాలు. చెట్ల నీడ ఉన్నంతకాలం ఆ వాగుల్లో అది పెరగలేదు. నీడ కొట్టేశాక పెరిగింది. కూలీల ఇళ్ల వరసలేమో నీటి వసతి కోసం వాగుల దగ్గరే. ఆ జ్వరాలను కూలీల శుభ్రత మీదికో, తలరాత మీదికో నెట్టడం అన్యాయం. అడవి కొట్టించినవాళ్లే వాటికి జవాబుదారులు.

1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసను ఆపింది. అక్కడే ఉండిపోయినవాళ్లు 1955లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి.

అడవి నరకడం మాత్రం ఆగలేదు. 1993 తర్వాత ఆగ్నేయాసియాలో రబ్బరు కోసం 40 లక్షల హెక్టార్లకు పైగా అడవి పోయిందని 2023లో ఉపగ్రహ చిత్రాల అధ్యయనం ఒకటి తేల్చింది. మన మారేడుమిల్లి కొండల్లోనూ గిరిజన రైతులు రబ్బరు వేస్తున్నారు. పాత పోడు భూమిలో అది ఆదాయమైతే మంచిదే. వాగుల వెంట మిగిలిన చెట్ల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన రబ్బరు తమ మార్కెట్లోకి రాకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. మన టైర్ల కంపెనీలకూ అలాంటి నిబంధన పెట్టాలి.