క్షురకత్తి వాదర - మూస నుండి తోలుపట్టీ దాక

గడ్డము గీసే మడతకత్తిని మన ఊళ్ళలో మంగలికత్తి అంటారు. ఒకప్పుడు ప్రతి పొదిలోను ఉండిన ఈ కత్తి ఇప్పుడు చాల అరుదైపోయినది. దాని స్థానములో సగము బ్లేడు తొడిగే పిడికత్తి వచ్చినది. ఒకరికి వాడిన బ్లేడును పారవేసి, మరొకరికి కొత్తది తొడుగుతారు. రక్తము ద్వారా సంక్రమించే వ్యాధులను తలచుకొంటే ఇది మేలైన మార్పే. అయితే సొంత గడ్డము తానే గీసుకొనేవారికి పాత మడతకత్తిపై మోజు పోలేదు. మంచి వెల పెట్టి కొంటారు; కొన్నాళ్ళకు అది కోయుటమాని పీకుట మొదలుపెడుతుంది; తప్పు కత్తిదనుకొని పెట్టెలో పడవేస్తారు. నిజానికి చాలసార్లు తప్పు వాదరది. వాదర సగము కొలిమిలో తయారవుతుంది, మిగిలిన సగము కత్తి గలవాని చేతిలో తయారవుతుంది. ఈ రెండవ సగము సంగతి కొత్తవారికి ఎవరూ చెప్పరు.

ఇది కొత్త చిక్కు కాదు. 18వ శతాబ్దములో ఐరోపాలో గడ్డము గీయుట ఎక్కువగా క్షురకుల పనిగానే ఉండేది. 1769లో పారిసు నగరములోని ఝాఁ ఝాక్ పెరే అనే కత్తుల పనివాడు, ఎవరి గడ్డము వారు గీసుకొనుటను నేర్పే పుస్తకమును ప్రకటించినాడు. ఆ పుస్తకము ముఖపత్రము చూస్తే ఆయన అనుభవము తెలుస్తుంది. సాన పట్టే రాళ్ళను గుర్తించుట ఎట్లు, కత్తిని నూరే తోళ్ళను సిద్ధము చేయుట ఎట్లు అనే విషయాలు అక్కడే ప్రస్తావించబడినవి. కత్తులు అమ్ముకొని బ్రతికే మనిషి, కత్తి ఒక్కటి కొంటే చాలదని పుస్తకము మొదటి పుటలోనే చెప్పినాడన్న మాట!

పెరే కాలమునాటికి కత్తి ఉక్కులోనే ఒక గొప్ప మార్పు వచ్చి ఉన్నది. అంతకు ముందు ఐరోపా ఉక్కును ఇట్లు చేసేవారు: ఇనుప కడ్డీలను బొగ్గుపొడిలో పూడ్చి, గాలి చొరకుండ మూసి, రోజుల తరబడి కాల్చేవారు. బొగ్గులోని కర్బనము మెల్లగా ఇనుములోనికి దిగేది. కాని అది పైభాగమున ఎక్కువ, లోపల తక్కువగా ఉండేది. ఇనుములోని చిట్టెపు పోగులు ఎక్కడివక్కడే నిలిచేవి. నాగలికి, గొడ్డలికి ఇది లోపము కాదు. క్షురకత్తి వాదర మందము ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు, కంటె కూడ తక్కువ. అక్కడ ఒక చిట్టెపు నలుసు అడ్డము వస్తే వాదర ఊడినట్లే.

ఈ దోషమును పోగొట్టినవాడు కత్తుల పనివాడు కాదు, గడియారాల పనివాడు. ఇంగ్లండులో డాన్‌కాస్టరు పట్టణపు బెంజమిన్ హంట్స్‌మన్ తన గడియారాలకు నమ్మదగిన స్ప్రింగులు దొరకక విసిగి, 1740 ప్రాంతములో షెఫీల్డు సమీపమునకు మకాము మార్చి, ఉక్కును మట్టి మూసలలో పూర్తిగా కరగించే పద్ధతిని సాధించినాడు. కరిగిన ఉక్కులో చిట్టెము పైకి తేలిపోతుంది. కర్బనము అంతటా సమముగా కలుస్తుంది. విచిత్రమేమంటే, ఈ ఉక్కు మరీ కఠినముగా ఉన్నదని షెఫీల్డు కత్తులవారు మొదట దానిని కొననే లేదు. ఫ్రాన్సువారు కొన్నారు. ఆ ఫ్రెంచి కత్తులు పోటీకి వచ్చిన తరువాతగాని షెఫీల్డుకు కన్ను తెరవలేదు. ఆ పట్టణపు ఉక్కు వ్యాపారులు తరువాతి కాలమున కర్బనమును బట్టి ఉక్కుకు తరగతులు ఏర్పరచినప్పుడు, సుమారు ఒకటిన్నర శాతము కర్బనము గల అత్యంత కఠినమైన రకమునకు 'క్షురకత్తి తరగతి' అని పేరు పెట్టినారు. ఉలికి ఒక శాతము చాలు.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఆగి ఒక ప్రశ్న వేయవచ్చును: మూసలో ఉక్కు చేయుట మనవారికి ముందే తెలియదా? తెలుసును. ఇనుమును, ఆకులు కర్ర వంటి పదార్థాలను మూసలో పెట్టి, మూతకు మట్టి మెత్తి, కొలిమిలో కాల్చి, మెల్లగా చల్లార్చే విద్య దక్షిణ భారతములో హంట్స్‌మన్‌కు ఎన్నో శతాబ్దాల ముందే ఉన్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఇందుకు పేరుబడిన కేంద్రము. 1820 ప్రాంతములలో దానిని చూచిన వైద్యుడు వాయిసీ రాసిన వర్ణన 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కోసము పారశీక వర్తకులు కోనసముద్రము దాక వచ్చేవారని అందులో ఉన్నది. ఐరోపావారు దీనిని 'ఊట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే వారి నోటిలో, కలములో అట్లు మారినదని పలువురి అభిప్రాయము.

1794లో బొంబాయి నుండి ఈ ఉక్కు ముద్దలు లండను రాయల్ సొసైటీకి చేరినవి. 1795లో జార్జి పియర్సన్ వాటిపై వ్యాసము రాసినాడు. లండనులో శస్త్రవైద్యుల పరికరాలు చేసే జేమ్సు స్టోడర్టు దానితో కత్తులు చేసి చూచి మెచ్చుకొన్నాడు. ఆయనతో కలిసి పనిచేసిన యువకుడు, కమ్మరి కొడుకు, మైకేల్ ఫారడే. విద్యుత్తులో తన పేరు మారుమ్రోగక పూర్వము ఫారడే కొన్ని సంవత్సరాలు ఈ ఉక్కు రహస్యము వెంట పడినాడు. 1820, 1822లలో ఇద్దరి పేర వ్యాసాలు వెలువడినవి. ఉక్కులో 500వ వంతు వెండి కలిపి చేసిన మిశ్రలోహము వారికి నచ్చినది. దానితో క్షురకత్తులు చేయించి ఫారడే స్నేహితులకు కానుకగా పంపినాడు. 1823లో స్టోడర్టు చనిపోవడముతో ఆ కృషి దాదాపు ఆగినది. ఊట్జ్ గుణమునకు అల్యూమినియము కారణమని ఫారడే మొదట అనుకొన్నాడు, అది నిలువలేదు. ముఖ్యమైనది కర్బనమే. మన ఉక్కులోను అది ఒకటి రెండు శాతముల మధ్య ఉండేది. కాని దానిని ఎర్రని వేడి దాటించి కొడితే పొడి పొడియైపోయేది. తక్కువ వేడిలో ఓపికగా సాగగొట్టే నేర్పు తెలియని ఐరోపా కమ్మరులు దానితో చాల అవస్థపడినారు.

ఉక్కు ఎంత మంచిదైనా దానికి పదును పెట్టాలి. ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే అది గాజువలె పెళుసవుతుంది. తిరిగి సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేస్తే ఉపరితలము లేత గడ్డి రంగుకు తిరుగుతుంది. క్షురకత్తికి అదే సరి. ఇంకా కాల్చితే నీలిరంగు వస్తుంది. అది స్ప్రింగులకు పనికివస్తుందిగాని గడ్డమునకు పనికిరాదు. కనుక పాత కత్తి కొనేవారు అంచు దగ్గర నీలిచాయ ఉన్నదేమో చూడాలి. తుప్పు వదిలించుటకు యంత్రపు చక్రముమీద రుద్దినప్పుడు వేడెక్కి చెడిన కత్తులు కొన్ని తళతళలాడుతూ అంగడికి వస్తవి. అంచున పగులుగాని, తుప్పు గుంటలుగాని ఉంటే చవకగా వచ్చినా తీసుకోరాదు. వెడల్పు అంగుళములో ఎనిమిదింట అయిదు వంతులు, మొన గుండ్రము - కొత్తవారికి ఇంతకంటె అక్కరలేదు. పిడి అందమునకు డబ్బు పెట్టుట కంటె, ఆ డబ్బుతో మంచి తోలుపట్టీ కొనుట తెలివి.

కత్తి వెన్ను దళసరిగా ఉండడము బలము కొరకే అనుకొంటాము. దానికి మరొక పని ఉన్నది. సానరాయి మీద కత్తిని పరచినప్పుడు వెన్ను, వాదర రెండూ రాయిని తాకాలి. వెన్ను మందము 4.5 మిల్లీమీటర్లు, వెడల్పు 16 మిల్లీమీటర్లు అయితే వాదర వద్ద కోణము సుమారు 16 డిగ్రీలు. పదవ తరగతి విద్యార్థి త్రికోణమితితో ఇది లెక్క కట్టగలడు. అరుగుదల రెంటికీ జరుగును గనుక ఎన్నేండ్లు నూరినా కోణము పెద్దగా మారదు. వంటకత్తికి మనము కోణమును చేతితో ఊహించాలి. క్షురకత్తి తన కోణమును తానే మోసుకొని తిరుగుతుంది. రాయి మీద వాదర ముందుకు పోవాలి. తోలు మీద వెన్ను ముందు, వాదర వెనుక. తిప్పేటప్పుడు వెన్ను మీదనే దొర్లించాలి. ఇది తారుమారైతే తోలు తెగుతుంది, వాదర కూడ చెడుతుంది.

రాళ్ళలో బెల్జియము ఆర్డెన్ ప్రాంతపు పసుపు రాయికి పాత ప్రసిద్ధి. అందులోని గార్నెట్ రేణువులు ఉక్కును సన్నగా అరగదీస్తవి. కాని కొత్తవారు మొదటే రాయి జోలికి పోకుండుట మంచిది. తెలిసినవారిచేత సాన పట్టించి, కొన్ని నెలలు తోలు మాత్రము వాడి చేయి కుదుర్చుకోవాలి. ప్రతిసారి గీసుకొనే ముందు నలుబది, ఏబది మార్లు తోలు మీద లాగాలి. పని ముగియగానే తుడిచి ఆరబెట్టాలి. ఈ ఉక్కు తడిలో రాత్రికి రాత్రే తుప్పు పట్టగలదు. ఇక గడ్డమును ముందు నీటితో నానబెట్టాలి. తడిసిన వెంట్రుక చాల మెత్తబడుతుంది.

ఈ శ్రమనంతా తప్పించినవాడు అమెరికాలో కింగ్ క్యాంపు జిలెట్. పలుచని ఉక్కు రేకును పదును చేయు యంత్రములను విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించినాడు. 1903లో మొదట అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఏడు పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. తరువాతి సంగతి అందరికి తెలిసినదే. మొద్దుపోయిన వాదరను బాగుచేయుటకు బదులు పారవేయుట అలవాటైనది. సాన పట్టించుకొనే అవసరము ఇంటింటా తగ్గిపోయినది.

ఇంతకు వెంట్రుక వంటి మెత్తని వస్తువు ఉక్కును ఎట్లు మొద్దుపుచ్చుతుంది? వెంట్రుక కంటె బ్లేడు ఉక్కు సుమారు 50 రెట్లు కఠినము. 2020లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద బ్లేడులతో వెంట్రుకలను కోసి చూచినారు. వాదర నెమ్మదిగా అరిగిపోవడము కంటె, చిన్న చిన్న పెచ్చులుగా ఊడుట వారికి కనబడినది. కోతలో వెంట్రుక వంగి ఒక ప్రక్కకు నెట్టుతుంది. ఉక్కు సూక్ష్మనిర్మాణము సమముగా లేనిచోట, అంతకు ముందే ఒక చిన్న లోపము ఉన్నచోట, పగులు పుడుతుంది. వారు పరీక్షించినవి నేటి బ్లేడులు. అయినా హంట్స్‌మన్ మూసలో దేనిని తొలగించబోయినాడో ఇప్పుడు మరింత స్పష్టముగా కనబడుతున్నది. తోలుపట్టీ ఒరిగిన అంచును నిలబెట్టి నునుపు చేస్తుందిగాని, ఊడిన పెచ్చును తిరిగి అతికించలేదు. కనుకనే నెలల తరువాత, తోలు మీద ఎంత లాగినా గడ్డము పీకుతున్నదని తోచిన నాడు, కత్తిని మళ్ళీ రాయి మీదికి తీసుకొనిపోవలసి వస్తుంది.