ల్యాప్‌టాప్‌లో నీలికాంతి డిస్కు

పదునైదేండ్ల క్రిందటి ల్యాప్‌టాప్ కంప్యూటరు ప్రక్కభాగమును చూచినచో సన్నని సొరుగు ఒకటి కనబడును. మీట నొక్కగానే అది వెలుపలికి వచ్చును. అందులో డిస్కు నుంచి లోనికి నెట్టినచో పాటయో, చిత్రమో, పాఠమో తెరపైకి వచ్చును. నేటి ల్యాప్‌టాప్‌లలో చాలవాటికి ఈ సొరుగే లేదు. ఆ సొరుగులో ఇమిడిన యంత్రములలో మిక్కిలి సూక్ష్మమైనది 2006లో వచ్చిన హై డెఫినిషన్ డిస్కు డ్రైవు. అది ఎట్లు పుట్టినది? అంత నేర్పుతో చేసిన యంత్రము ఎందుకు నిలువలేదు?

ముందుగా దాని అవసరమును చూతము. మన దేశమున వాడిన డీవీడీ చిత్రములో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలుండును. అనగా మొత్తము 4,14,720. హై డెఫినిషన్ చిత్రములో అడ్డముగా 1,920, నిలువుగా 1,080, అనగా 20,73,600. ఇది సరిగా అయిదు రెట్లు. కాని డిస్కు పరిమాణము మాత్రము పెరుగరాదు. 12 సెంటీమీటర్ల వ్యాసము గల అదే డిస్కులో అయిదింతల సమాచారము పట్టవలెను.

డిస్కుపై సమాచారము కంటికి కనబడని చిన్న గుంటల వరుసగా ఉండును. లేసరు కాంతిని కటకముతో ఒక బిందువుగా కేంద్రీకరించి ఆ వరుసను చదువుదురు. బిందువు ఎంత చిన్నదైనచో గుంటలను అంత దగ్గరగా అమర్చవచ్చును. అయితే ఎంత మంచి కటకమును వాడినను బిందువు ఒక మేరకు మించి చిన్నది కాదు. దాని వ్యాసము కాంతి తరంగదైర్ఘ్యమును బట్టి పెరుగును. కటకము ఎంత వెడల్పు కోణమున కాంతిని కూర్చునో దానిని బట్టి తగ్గును. ఈ రెండవ గుణమును తెలుపు సంఖ్యను న్యూమరికల్ ఎపర్చర్ అందురు.

1982లో వచ్చిన సీడీకి 780 నానోమీటర్ల పరారుణ కాంతిని, 0.45 ఎపర్చర్ గల కటకమును వాడిరి. డీవీడీకి 650 నానోమీటర్ల ఎఱ్ఱకాంతి, 0.60 కటకము. బ్లూ-రేకు 405 నానోమీటర్ల నీలలోహిత కాంతి, 0.85 కటకము. విద్యార్థులు ఇచట చిన్న లెక్క చేయవచ్చును. 650ని 0.60తో భాగించిన సుమారు 1,083 వచ్చును, 405ను 0.85తో భాగించిన సుమారు 476. అనగా బిందువు వ్యాసము 2.27వ వంతునకు తగ్గినది. వైశాల్యము దీని వర్గమును బట్టి సుమారు 5వ వంతునకు తగ్గును. డీవీడీ ఒక పొరలో 4.7 గీగాబైట్లు పట్టును. బ్లూ-రే ఒక పొరలో 25 పట్టును. లెక్క దాదాపుగా సరిపోయినది!

ఈ చిన్న తరంగపు లేసరు సులభముగా లభించలేదు. జపానులో ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురా గాలియం నైట్రైడు స్ఫటికములపై ఏండ్ల తరబడి శ్రమించి నీలికాంతి నిచ్చు డయోడును సాధించిరి. ఆ కృషికి 2014లో వారికి భౌతికశాస్త్ర నోబెలు బహుమతి లభించినది. నిచియా సంస్థలో పనిచేయుచుండిన నకమురా 1996 నాటికి నీలలోహిత లేసరును కూడ వెలిగించి చూపెను.

కాంతి ఒక్కటే అయినను డిస్కులు రెండైనవి. 2002 ఫిబ్రవరిలో సోనీ మొదలగు తొమ్మిది సంస్థలు బ్లూ-రేను ప్రకటించినవి. తోషిబా, ఎన్ఈసీ సంస్థలు హెచ్‌డీ డీవీడీ అను మరియొక పద్ధతిని తెచ్చినవి. కటకపు కోణము పెరిగినకొలది డిస్కు కొంచెము వంగినను బిందువు చెదరును. అందువలన బ్లూ-రేలో సమాచారపు పొరను ఉపరితలమునకు 0.1 మిల్లీమీటరు లోతున నుంచిరి. దీనికి క్రొత్త యంత్రములు కావలెను. హెచ్‌డీ డీవీడీలో డీవీడీ వలెనే 0.6 మిల్లీమీటరు లోతును, 0.65 కటకమును వాడిరి. పాత కర్మాగారములే కొద్ది మార్పులతో చాలును. కాని ఒక పొరలో పట్టునది 15 గీగాబైట్లే. రెండు పక్షములకును తగిన కారణము కలదు.

2006లో రెండును ల్యాప్‌టాప్‌లలో చేరినవి. తోషిబా క్వాస్మియోలో హెచ్‌డీ డీవీడీ డ్రైవు, సోనీ వయో ఏఆర్‌లో బ్లూ-రే డ్రైవు వచ్చినవి. అమెరికాలో మొదటిదాని వెల సుమారు 3,000 డాలర్లు, రెండవదాని వెల సుమారు 3,500. బల్లపై నుంచు కంప్యూటరులో డ్రైవునకు సుమారు 41 మిల్లీమీటర్ల ఎత్తు లభించును, ల్యాప్‌టాప్‌లో 12.7 మాత్రమే. ఆ ఇరుకులోనే మూడు రంగుల లేసరులు ఇమడవలెను. లేనిచో పాత సీడీలు, డీవీడీలు చదువుట కుదరదు. ఇంతటితో పని తీరలేదు. చిత్రములను రహస్యలిపిలో ముద్రించిరి. డ్రైవు, సాఫ్ట్‌వేరు, తెరకు పోవు తీగ, ఇవన్నియు అనుమతి పొందినవైననే బొమ్మ కనబడును.

2008 జనవరి 4న వార్నర్ చిత్రసంస్థ తాను బ్లూ-రే పక్షమే వహింతునని ప్రకటించినది. ఫిబ్రవరి 19న తోషిబా తన పద్ధతిని విరమించినది. అంతకుముందు హెచ్‌డీ డీవీడీ ల్యాప్‌టాప్ కొన్నవారికి క్రొత్త చిత్రములు రాకుండ పోయినవి. మరుసటి సంవత్సరము తోషిబాయే బ్లూ-రే సంఘమున చేర దరఖాస్తు పెట్టుకొనెను.

కాని బ్లూ-రే గెలిచిన ఆ జనవరిలోనే మరియొక సంగతి జరిగినది. ఆపిల్ సంస్థ మాక్‌బుక్ ఎయిర్ అను ల్యాప్‌టాప్‌ను చూపెను. అందులో డిస్కు సొరుగే లేదు. క్రమముగా ఇతర సంస్థలును ఆ త్రోవనే పట్టినవి. చిత్రములు ఇంటర్నెట్టు ద్వారా రాసాగినవి. సన్నదనము, తేలికదనము, బ్యాటరీకి చోటు ముఖ్యమైనవి. తరువాత వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే చిత్రములను కంప్యూటరులో చూచుటకు ఇంటెల్ ప్రాసెసరులలోని ఒక రక్షణ సౌకర్యము అవసరమైనది. 2021 నుండి వచ్చిన వాడుకరి ప్రాసెసరులలో ఇంటెల్ దానిని తీసివేసినది. డిస్కు చెడకున్నను, డ్రైవు పనిచేయుచున్నను, క్రొత్త కంప్యూటరులో అధికారిక సాఫ్ట్‌వేరుతో ఆ చిత్రము కనబడదు. 2025 ఫిబ్రవరిలో సోనీ వ్రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని ఆపివేసినది.

తాటాకును చదువుటకు కన్నులు, లిపిజ్ఞానము చాలును. డిస్కును చదువుటకు తగిన లేసరు, కటకము, సాఫ్ట్‌వేరు, పైగా అనుమతి కూడ కావలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను అందులోని విషయము మూగదగును. మీ పాఠశాల బీరువాలో ముఖ్యమైన పాఠములో, ఛాయాచిత్రములో వ్రాసిన డిస్కులు ఉన్నచో, వానిని చదువు డ్రైవు పనిచేయుచుండగనే వేరొకచోటికి ఎత్తి వ్రాసికొనుడు. విషయమును దాచుట అనగా డిస్కును భద్రముగా నుంచుట మాత్రమే కాదు. దానిని చదువు సాధనమును నిలుపుకొనుట కూడ.