బుట్టలో లేని కొమ్మ

కడప జిల్లా ఇడుపులపాయ చుట్టుపక్కల కొండల్లో పాముకు కొమ్మ కరువు లేదు. వేంపల్లె నుంచి గండి దాకా, అక్కడ పాపఘ్ని నది కొండల్ని చీల్చుకొని వచ్చే చోటు దాటి పాలకొండల మీదుగా శేషాచలం దాకా చింత, చిరుమాను, తుమ్మ, ఎర్రచందనం కలగలిసి పెరిగిన అడవి అది. పసిరిక పాము ఆకు రంగులో కలిసిపోయి కొమ్మ చివర తొండ కోసం కాచుకుంటుంది. పిట్టగూళ్ల కోసం జెర్రిపోతు చెట్టెక్కుతుంది. పెద్దయ్యాక ఎక్కువగా నేల మీదే ఉండే కొండచిలువ కూడా పిల్లగా ఉన్నప్పుడు తరచూ కొమ్మలెక్కుతుంది. శేషాచలం అడవుల్లో ఎగిరే పాము కూడా నమోదైంది. కొమ్మ చివరి నుంచి దూకి, ఒళ్లు పలచగా చదును చేసుకొని గాలిలో జారుతూ మరో చెట్టు చేరుకుంటుంది. ఇడుపులపాయ నెమళ్లకు పేరున్న చోటు. నేల మీద పాముపిల్ల కనబడితే నెమలి వదిలిపెట్టదు. అలాంటి చోట కొమ్మంటే పాముకు వేటకు కాపు కాసే చోటు, ఎండ కాచుకునే చోటు, ప్రాణం దక్కించుకునే చోటు.

మరి పట్టి తెచ్చి గదిలో పెట్టిన పాముకు కూడా ఒక కొమ్మ ఇవ్వాలని మనిషికి ఎప్పుడు తోచింది? చాలా ఆలస్యంగా.

మన దేశంలో పామును దగ్గర పెట్టుకున్నవాళ్లు తరతరాలుగా పాములోళ్లే. వాళ్ల బుట్ట అందరం చూసిందే. గట్టిగా అల్లి, మూత బిగించి, లోపల చీకటిగా ఉంటుంది. ఆ చీకటి వెనుక అనుభవంతో వచ్చిన తెలివి ఉంది. వెలుగు తగలకుండా, ఒంటికి నాలుగువైపులా ఆనుడు దొరికితే పాము బెదురు మాని చుట్టచుట్టుకొని పడుకుంటుంది. పాము ఇల్లనగానే మన మనసుకు తట్టేది కూడా పుట్టే. నాగులచవితికి పాలు పోసేది పుట్టలోనే. నాగప్రతిమల్ని నిలిపేది మాత్రం రావి, వేప కలిసి పెరిగిన చెట్ల కింద. పాముకూ చెట్టుకూ ఉన్న చుట్టరికం మన ఊళ్లకు తెలియనిది కాదు. అయినా ఆ చెట్టు బుట్టలోకి రాలేదు. నాగుపాము ఎక్కువగా నేల మీద తిరిగే జీవి కాబట్టి దానికి బుట్ట కొంతవరకు సరిపోయింది. ఒళ్లు సాచే చోటు మాత్రం అందులో దానికి దక్కలేదు.

తెలుగునేల పాముల్ని మొదట శాస్త్రీయంగా గ్రంథస్థం చేసినవాడు పాట్రిక్ రస్సెల్. స్కాట్లాండ్‌లో పుట్టిన ఈ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1796లో ఆయన ప్రచురించిన కోరమాండల్ తీరపు పాముల పుస్తకంలో పసిరిక సహా ఎన్నో పాముల పేర్లు ఇక్కడివాళ్లు పలికినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఈ పాము మంచిదా, విషం ఎంత, పోల్చుకోవడం ఎలా అన్నవే ఆయన ప్రశ్నలు. కాటుకు మనుషులు చచ్చిపోతున్న కాలంలో ఆ ప్రశ్నలే ముందు రావడం న్యాయమే. బతికున్న పాముకు ఏం కావాలన్న ప్రశ్న పుట్టడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఆ దారిలో రెండు అడుగులు లండన్‌లో పడ్డాయి. 1829 ప్రాంతంలో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు చిమ్మట ప్యూపాను మట్టితో సహా సీసాలో మూసిపెడితే, ఆ మట్టిలోంచి మొక్క మొలిచి పచ్చగా నిలిచింది. మూసిన గాజులో తేమ తనంతట తానే తిరుగుతుందని అలా తెలిసింది. నేటి గాజు అరలకు మూలం అదే. 1849లో లండన్ జూ సరీసృపాల కోసమే ఒక ఇల్లు తెరిచింది.

అసలు మలుపు తిప్పినది జోన్ ప్రాక్టర్. 1923లో ఆ జూ సరీసృపాల విభాగానికి అధిపతి అయిన మొదటి మహిళ ఆమె. 1927లో తెరుచుకున్న కొత్త సరీసృపాల భవనం రూపకల్పన ఆమెదే. చూసేవాళ్లు నిలబడే చోటు మసకగానూ, పాములుండే అరలు వెలుగుతోనూ ఉండేట్టు కట్టించింది. విద్యుత్తుతో ఒక్కో అరలో ఒకవైపు వేడి, ఒకవైపు చల్లన ఉండేలా చూసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలికి వచ్చే ప్రత్యేకమైన గాజు వేయించింది. బండలు, మొద్దులు, కొమ్మలు ఏ జీవికి ఏ తీరున అమరాలో తానే చూసుకుంది. జీవితమంతా అనారోగ్యంతో పోరాడి 1931లో, ముప్పయి నాలుగేళ్లకే కన్నుమూసింది. పాము అరలో కొమ్మకు ఒక చరిత్రంటూ ఉంటే, అందులో పెద్దపీట ఈమెకే వేస్తాను.

ప్రాక్టర్ చేసి చూపినదానికి సిద్ధాంతం కూర్చినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన హైనీ హెడిగర్. జంతువుకు ఇచ్చే చోటు ఎన్ని అడుగులన్నది ఒక్కటే లెక్క కాదనీ, అందులో ఏమున్నదన్నది అంతకన్నా ముఖ్యమనీ 1942 నాటి గ్రంథంలో వాదించాడు. ఆ మాటకు తర్వాతి పరిశోధనలు బలమిచ్చాయి. ఎప్పుడూ నేలబొరియల్లోనే ఉంటుందని పేరుపడ్డ బాల్ పైథాన్‌ను నైజీరియా అడవుల్లో పరిశీలించి 1998లో వెలువరించిన అధ్యయనంలో, మగవీ చిన్నవీ చెట్లెక్కి పిట్టల్ని తింటున్నట్టు తేలింది. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు ఎక్కడానికి, దాక్కోవడానికి వసతులున్న అరల్లో కొన్ని ర్యాట్ స్నేక్ పిల్లల్నీ, బోసి అరల్లో కొన్నిటినీ పెంచి పోల్చారు. వసతులున్న అరల్లో పెరిగినవి కొత్త చిక్కుల్ని తొందరగా విప్పుకున్నాయి. బోసి పెట్టెలో పెట్టి, పాము మందకొడి జీవి అని తీర్పు చెప్పడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గర హైదరాబాద్ నెహ్రూ జూ 1963లో, మద్రాసు గిండీలో రోములస్ విటేకర్ పాముల పార్కు 1972లో, తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ 1987లో వచ్చాయి. 1972లోనే వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములోళ్ల బుట్టకు తెర దించింది. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్ వంటి, వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోని విదేశీ పాములున్నవాళ్లు వివరాలు నమోదు చేయించుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొమ్మకూ ఇలాంటి కట్టుబాటే ఉంది. అందంగా వంకర తిరిగిందని పాలకొండల నుంచి ఎర్రచందనం కొమ్మ కొట్టుకొస్తే జైలు తప్పదు. ఎవరి తోటలోనో కత్తిరించి పడేసిన జామకొమ్మ చాలు. నిజానికి అదే మేలు కూడా.

జామ గట్టిది, సులభంగా విరగదు, దాని పంగలు పాము చుట్టుకోవడానికి అనువుగా ఉంటాయి. చింతకొమ్మా బాగుంటుంది. గన్నేరు విషం, దాని జోలికి పోకూడదు. జిల్లేడు, జెముడు పాలు కారతాయి. మామిడి, జీడి జిగురు ఒంటికి పడదు. దేవదారు, సరళ వంటి చెట్ల చెక్కలో ఘాటైన నూనెలుంటాయి, మూసిన గాజు అరలో ఆ వాసన పాము ఊపిరితిత్తులకు చేటు. పురుగుమందు కొట్టిన తోటల కొమ్మ తేకపోవడమే మంచిది.

ఎంత లావు కొమ్మ కావాలన్నది పామే చెబుతుంది. దాని ఒంటి లావుకు తగ్గకుండా, కాస్త ఎక్కువగా ఉండాలి. సన్నటి కొమ్మ మీద బరువంతా ఒకేచోట పడి ఒళ్లు నొక్కుకుపోతుంది. పెచ్చులూడే బెరడు తీసెయ్యాలి, దాని కిందే పురుగులు గుడ్లు పెడతాయి. గట్టిగా అంటుకున్న గరుకు బెరడును మాత్రం ఉంచాలి. కుబుసం విడిచేటప్పుడు పాము ముక్కు రాసుకునేది దానికే. మొనదేలిన చివర్లు, పేడు లేచిన కోతలు గరుకు కాగితంతో నునుపు చెయ్యాలి.

ఆ తర్వాత కడుగుడు. గట్టి బ్రష్షుతో మంచినీళ్లలో రుద్ది, పాత్రలో పట్టే కొమ్మైతే మరగబెట్టాలి. పట్టకపోతే పల్చటి బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు మారుస్తూ కడగాలి. ఫినాయిల్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఇళ్లలో వాడే ఆ మందులోని ఫినాల్ జాతి రసాయనాలు పాముల్ని చంపగలవు. కొందరు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో వేడి చేస్తారు. చెక్క అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి పక్కనుంచి కదలకూడదు. మరగబెట్టినా, వేడి చేసినా పోయేది చెద, పెంకుపురుగులు, వాటి గుడ్లు, బూజు. చివరికి తడి పూర్తిగా ఆరాలి. పచ్చి మిగిలితే తేమగా ఉండే అరలో వారంలోనే బూజు తెల్లగా పైకొస్తుంది. కడప జిల్లాలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మేడ మీద కొన్నాళ్లు తిరగేస్తూ ఆరబెడితే, తడి ఆరడానికి ఓవెన్ అవసరమే ఉండదు. రంగూ వార్నిషూ వద్దు.

అమర్చేటప్పుడు కొమ్మను కదలకుండా గట్టిగా బిగించాలి. ఊరికే ఆనించిన కొమ్మ రాత్రి పాము బరువుకు జారి దాని మీదే పడుతుంది. పై చివర వేడి దీపానికి దగ్గరగా ఉండాలి కానీ పాము దాన్ని తాకేంత దగ్గరగా కాదు. కింది చివర నీడలో ఉండాలి. అప్పుడు పాము ఎక్కుతూ దిగుతూ తనకు కావలసిన వేడిని తానే ఎంచుకుంటుంది. మలంతో తడిసి నాని మెత్తబడ్డ కొమ్మను తీసెయ్యాలి. అన్నిటినీ ఒకేరోజు మార్చడం మాత్రం తప్పు. పాము చోటును నాలుకతో వాసన పట్టి గుర్తుపడుతుంది కాబట్టి ఒక పాత కొమ్మను అలాగే ఉంచి, మిగతావి మార్చాలి.