వెళ్లిపోయినవాడి మునిమనవడు

1960 నవంబరు 8న అమెరికాలో అధ్యక్ష ఎన్నికల పోలింగు జరిగింది. పడ్డ ఓట్లు సుమారు 6.9 కోట్లు. నిక్సన్ మీద జాన్ ఎఫ్. కెనడీకి దక్కిన ఆధిక్యం లక్షా పన్నెండు వేల చిల్లర. అక్కడ అంత బొటాబొటిగా గట్టెక్కినా, అట్లాంటిక్‌కు ఈ పక్కనున్న ఐర్లండులో మాత్రం ఆయనకు పోటీ అన్నదే లేదు. వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని న్యూ రాస్ పట్టణమూ, దాని పొరుగున ఉన్న డంగన్స్‌టౌన్ పల్లే అయితే తమ పిల్లవాడే నెగ్గినట్టు సంబరపడ్డాయి.

ఆ సంబరం వెనుక శతాబ్దానికి పైబడిన దిగులుంది. 1840లలో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరువొచ్చింది. పది లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతే మంది ఓడలెక్కారు. డంగన్స్‌టౌన్ రైతుబిడ్డ ప్యాట్రిక్ కెనడీ కూడా ఆ కాలంలోనే బోస్టన్ చేరాడు. అక్కడ చెక్క పీపాలు చేసి బతికాడు. పదేళ్లు తిరిగేసరికి కలరా సోకి 1858 నవంబరు 22న కన్నుమూశాడు. అప్పటికి కొడుకు ఏడాది నిండని పసివాడు. ఆ పసివాడే పెరిగి సారా దుకాణాలు నడిపి, మసాచుసెట్స్ శాసనసభకు ఎన్నికయ్యాడు. అతని మనవడే అధ్యక్షుడు.

కెనడీ గెలిచేనాటికి కూడా వలస ఆగలేదు. 1950లలోనే దాదాపు నాలుగు లక్షల మంది దేశం విడిచారు. 1961 జనాభా లెక్కల్లో ఐర్లండు రిపబ్లిక్ 28 లక్షల దగ్గర తేలింది. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ ఏ జనాభా లెక్కల్లోనూ అంత తక్కువకు దిగలేదు. పైగా కెనడీ క్యాథలిక్. 1928లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన క్యాథలిక్ అల్ స్మిత్ ఓటమికి అతని మతం కూడా ఒక కారణమైంది. అదే మతస్థుడు ఇప్పుడు శ్వేతసౌధంలో అడుగుపెట్టాడు. పిల్లల్ని ఓడరేవుల దాకా సాగనంపి వచ్చిన ఇళ్లలో పోపు పటం పక్కన కెనడీ పటం వేలాడిందంటే ఆశ్చర్యం లేదు.

1963 జూన్ 26న, బెర్లిన్‌లో తన ప్రసిద్ధ ప్రసంగం చేసిన రోజునే, ఆయన డబ్లిన్‌లో దిగాడు. మర్నాడు న్యూ రాస్ రేవులో జనాన్ని ఉద్దేశించి, ముత్తాత ఇక్కడే ఉండిపోయి ఉంటే తాను ఎదురుగా ఉన్న ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్నని చమత్కరించాడు. తర్వాత డంగన్స్‌టౌన్ ఇంటి పెరట్లో దూరపు బంధువులతో టీ తాగాడు. వెళ్లిన కెనడీల పేరునా, ఉండిపోయిన కెనడీల పేరునా ఆ కప్పు ఎత్తాడు. 1947లో కుర్ర కాంగ్రెస్ సభ్యుడిగా ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి పుట్టి రెండేళ్లైనా నిండని ఐర్లండు టెలివిజన్ ఆయన వెంటే తిరిగింది. ఐర్లండు ప్రధాని షాన్ లెమాస్‌కు తన లెక్కలు తనకున్నాయి: విదేశీ పెట్టుబడికి తలుపులు తెరుస్తున్న దేశానికి ఇంతకన్నా మంచి ప్రచారం డబ్బిచ్చినా దొరకదు.

ఐదు నెలలకే డల్లాస్‌లో కెనడీ హత్య. తేదీ నవంబరు 22, అంటే పీపాల ప్యాట్రిక్ పోయిన రోజే. డబ్లిన్‌లో ఆయన మెచ్చిన ఐరిష్ క్యాడెట్ల కవాతు బృందం, భార్య జాక్వెలిన్ కోరిక మీద, ఆర్లింగ్టన్ సమాధి దగ్గర నిలబడింది.

తర్వాతి అధ్యక్షుల ఊళ్లకు ఇంత గాఢత లేదనే చెప్పాలి. 1984లో రీగన్ టిప్పరరీ కౌంటీలోని బాలీపొరీన్‌కు వచ్చాడు. ఊరు చప్పట్లు కొట్టింది, కానీ ఆయన మధ్య అమెరికా విధానాలకు వ్యతిరేకంగా దేశంలో నిరసనలూ హోరెత్తాయి. రీగన్ పేరు పెట్టుకున్న ఆ ఊరి పబ్బు లోపలి సరంజామా తర్వాత కాలిఫోర్నియాలోని ఆయన లైబ్రరీకి తరలిపోయింది. ఊరి మనుషులే కాదు, చివరికి బారు కూడా వలస వెళ్లిందన్నమాట!

ఒబామా తల్లి వైపు పూర్వీకుడు ఫాల్మత్ కర్నీ 1850లో ఆఫలీ కౌంటీలోని మనీగాల్ విడిచాడు. ఆ చుట్టరికం చర్చి రిజిస్టర్లలో బయటపడింది 2007లో, అంటే ఒబామా ఎన్నికల బరిలో ఉన్నప్పుడు. మన తణుకు దగ్గరి వడ్లూరును 2024లో అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి పేరుతో దేశమంతా వెతికినట్టే, అమెరికాలో ఎవరైనా పైకి వస్తున్నారంటే ఐర్లండులో ముందుగా రికార్డులు తిరగేస్తారు. దాదాపు మూడొందల జనాభా ఉన్న మనీగాల్‌కు 2011 మేలో అధ్యక్షుడే వచ్చి గిన్నిస్ తాగి వెళ్లాడు. మూడేళ్లకు ఆ పక్కన ఎం7 రహదారి మీద బరాక్ ఒబామా ప్లాజా వెలిసింది. కింద పెట్రోలు, బర్గర్లు. పైఅంతస్తులో అమెరికా అధ్యక్షుల ఐరిష్ మూలాల ప్రదర్శన.